రొయ్య పిల్లను పరీక్షించడం ఎవరు నేర్పారు? ‘యూనివర్సిటీలు దండగ’ అనే మెసేజ్‌కు నా జవాబు

మా నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులోని మాటలు ఇవీ: యూనివర్సిటీల పరిశోధన లైబ్రరీల్లో దుమ్ము పట్టడానికే. వాటికి పేటెంట్లు లేవు కాబట్టి విలువ లేదు. కొత్తదంతా కంపెనీలే తెస్తాయి, కావాలంటే రొయ్యల రంగం చూడండి. మామూలు మనిషికి వాటివల్ల ఒరిగింది లేదు. కాబట్టి ప్రభుత్వం వాటికి డబ్బులు ఆపేయాలి. మా చుట్టాల్లో బాగా చదువుకున్నవాళ్లే దీన్ని పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

దుమ్ము సంగతి ముందు. నెల్లూరులో వరి పరిశోధన కేంద్రం 1937లో మొదలైంది. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఎన్.ఎల్.ఆర్. 34449, అదే మనం నెల్లూరు మసూరి అనేది, అక్కడ పుట్టిందే. సన్న గింజ, సుమారు నాలుగు నెలల పంట, అగ్గి తెగులును తట్టుకుంటుంది. పెన్నా ఆయకట్టులో దిగుబడిని పుట్ల లెక్కన చెప్పే రైతు దాని మీద వచ్చిన పరిశోధన పత్రం చదివి ఉండడు. ఆ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. బాపట్ల కేంద్రం 1986లో ఇచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, అన్నం ఎన్ని రాష్ట్రాల్లో తింటున్నారో అందరికీ తెలుసు. దానికి ఎండాకు తెగులు బెడద ఉంటే హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి మూడు జన్యువులు జోడించాయి. ఆ మెరుగైన రకం 2008లో రైతులకు అందింది. దుమ్ము పట్టింది ఇందులో ఏది?

పేటెంట్ల మాట చట్టం తెలియక అన్నది. మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకు, విత్తనాలకు పేటెంటే ఇవ్వరు. వంగడాల హక్కులకు 2001లో వేరే చట్టం వచ్చింది. దాని ప్రకారం కూడా రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, పక్క రైతుకు ఇవ్వచ్చు, అమ్మచ్చు కూడా. బ్రాండ్ పేరు వేసి అమ్మకూడదు, అంతే. ఇలా చేతులు మారిన విత్తనం ఏ పేటెంట్ లెక్కలోకీ రాదు.

ఇక రొయ్యలు. మెసేజ్‌లో నన్ను బాగా బాధపెట్టింది ఇదే. 1994 తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి మన తీరంలో టైగర్ రొయ్య గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. 2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ గుంటల్లో నీళ్లు నిండాయి. తల్లి రొయ్యలు అమ్మేది కంపెనీలే, నిజం. కానీ రోగం లేని తల్లి రొయ్యల్ని తరతరాలుగా పెంచే పద్ధతి అమెరికా ప్రభుత్వ డబ్బుతో, హవాయిలోని ఓషనిక్ ఇన్‌స్టిట్యూట్, కొన్ని యూనివర్సిటీలు కలిసి 1990 ప్రాంతంలో సాధించింది. కంపెనీలు ఆ తర్వాత దాన్ని అందుకున్నాయి. వైరస్‌ను గుర్తించే పరీక్షల్లో చాలా పని అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం చేసింది. సముద్రానికి దూరంగా, ఎడారి ఊరు టూసాన్‌లో! రొయ్యలు పిల్ల దశలోనే చచ్చిపోతున్న ఈఎంఎస్ రోగానికి కారణం ఒక బాక్టీరియా అని 2013లో తేల్చిందీ వాళ్లే. దాన్ని దాచుకోకుండా ప్రపంచానికి చెప్పారు.

ఇవాళ మన రైతు హేచరీ (రొయ్య పిల్లల్ని పుట్టించే చోటు) నుంచి పిల్ల తెచ్చుకునే ముందు, అందులో వైరస్ ఉందో లేదో చెప్పే పీసీఆర్ రిపోర్టు అడుగుతాడు. సగం టెన్షన్ ఆ కాగితంతోనే తగ్గుతుంది. ఆ పరీక్ష చేసే కుర్రాళ్లలో ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివినవాళ్లు ఉంటారు. యూనివర్సిటీ విద్య వ్యాపారంలోకి వెళ్లే పెద్ద దారి నా దృష్టిలో ఇదే, చదువుకున్న మనిషి.

మామూలు మనిషికి ఒరిగింది లేదన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది. మా నాన్న పరీక్షకు ఇచ్చి వచ్చిన మట్టి సంచి ఫలితం కోతలయ్యాక చేతికొచ్చింది. ఆ కోపం నాకింకా పోలేదు. ఇంతకంటే పెద్ద గాయం ఫ్లోరోసిస్ అనే ఎముకల జబ్బు. కాడెద్దులు కీళ్లు బిగుసుకుని నడవలేకపోవడం 1930ల్లోనే మన మెట్ట రైతులు గమనించారు. నీళ్లలోని ఫ్లోరైడే మనుషుల ఎముకల్నీ పాడుచేస్తోందని మద్రాసు వైద్య పరిశోధకులు 1937లో ప్రచురించారు. వాళ్లు చూసిన పల్లెలు అప్పటి నెల్లూరు జిల్లావి, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. కారణం అంత ముందే తెలిసినా కనిగిరి వైపు తరాల తరబడి జనం ఆ నీళ్లే తాగారు. పరిశోధన చేసినవాళ్లు చెప్పాల్సింది చెప్పారు. పైపులు వేయాల్సినవాళ్లు వేయలేదు. ఆ తప్పు తెచ్చి ల్యాబుల నెత్తిన రుద్దడం అన్యాయం.

డబ్బులు ఆపేయమంటున్నవాళ్లను నేను అడిగేది ఇది. అగ్గి తెగులు రూపు మార్చుకుని వస్తే తట్టుకునే విత్తనం ఏ కంపెనీ తీస్తుంది, రైతు దాన్ని దాచుకుని మళ్లీ చల్లుకోవడానికి ఒప్పుకుంటుందా? ముత్తుకూరు లాంటి కాలేజీలు మూతపడితే పిల్ల పరీక్ష చేసే కుర్రాణ్ని ఎవరు తయారు చేస్తారు? రైతులకు సలహాలిచ్చే దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలాంటి చోట్ల మనుషుల్ని పెంచమని, మట్టి ఫలితం నాట్లకు ముందే ఇవ్వమని అడిగితే మీతో పాటు నేనూ సంతకం పెడతాను.