మంజూరైన ఆసనాలు 14

ఉద్యోగికి ఒత్తిడి తగ్గాలంటే యోగా చెయ్యాలి. ఉత్పాదకత పెరగాలన్నా యోగాయే చెయ్యాలి. ఈ రెండు ముక్కలూ మా ఆఫీసుకొచ్చిన సర్క్యులర్లో ఉన్నాయి కాబట్టి వాటి మీద చర్చ లేదు. నేను రాయబోయేది అమలు గురించి మాత్రమే. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక ఆఫీసులో (పేరు చెప్పను, నా రిటైర్మెంటుకి ఇంకా ఆరేళ్ళుంది) ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్న అర్హతతో రాస్తున్నాను.

ఆసనం గురించి పతంజలి మహర్షి ఒక్క ముక్కలో తేల్చేశాడు: స్థిరసుఖమాసనం. కదలకుండా, హాయిగా ఉండాలి, అంతే. గవర్నమెంటు ఉద్యోగానికి ఇంతకన్నా మంచి నిర్వచనం నాకైతే కనబడలేదు. అసలు ఆసనం అంటే కూర్చునే చోటే కదా. మా ఆఫీసుకి మంజూరైన ఆసనాలు 14. మనుషులున్నవి 6. మిగతా ఎనిమిదీ రిటైర్మెంట్ల వల్ల, బదిలీల వల్ల, ఒక మరణం వల్ల ఖాళీ అయ్యాయి. ఖాళీ అనడం కూడా తప్పే. వాటిలో ఫైళ్ళు కూర్చున్నాయి, స్థిరంగా, సుఖంగా.

వాటి పనంతా 'పూర్తి అదనపు బాధ్యతలు' అనే పేరుతో ఆరుగురికీ పంచారు. నాకు నా సీటు కాక మరో రెండు దక్కాయి. పొద్దున్న బిల్లులు, మధ్యాహ్నం ఎస్టాబ్లిష్‌మెంటు, సాయంత్రం నా సొంత సీటు. సోమవారం అర్జీల రోజు కనుక మూడూ ఉండవు.

ఇలాంటి తరుణంలో యోగా వచ్చింది. దాని వేగం చూసి ముచ్చటేసింది. 2014 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదన, డిసెంబరు 11కల్లా 177 దేశాల మద్దతుతో తీర్మానం, మరుసటేడు జూన్ 21న మొదటి యోగా దినం. మా దగ్గర ఇంక్రిమెంటు ఫైలు ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదకి వెళ్ళడానికి కూడా అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ వాళ్ళు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ కోసం ఐదు నిమిషాల 'వై-బ్రేక్' యాప్ తెచ్చారు. తాడాసనం (నిటారుగా నిలబడి చేతులెత్తడం), కటి చక్రాసనం, నాడీశోధన, భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మనడం), కాసేపు ధ్యానం. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచి నుంచి విజయనగరం జిల్లా భోగాపురం దాకా లక్షల మంది చాపలేసుకుని చేశారు. ఆ ఊపు చల్లారకముందే మా ఆఫీసుకీ ఒక యోగా మాస్టారు వచ్చారు.

మాస్టారు మంచివాడు. అష్టాంగాల్ని వరసగా చెబుతానని యమంతో మొదలెట్టి అపరిగ్రహం దగ్గరికి వచ్చారు. అంటే ఒకరి దగ్గర ఏమీ పుచ్చుకోకపోవడం. అప్పుడు బిల్లుల సెక్షన్లోంచి గట్టిగా దగ్గు వినిపించింది. బిల్లుల సీటు ప్రస్తుతం ఎవరి దగ్గరుందో పైన చెప్పాను కనుక ఆ సంగతి వదిలేద్దాం. మర్నాటి నుంచి సిలబసు సవరించి మూడో అంగమైన ఆసనం నుంచి మొదలుపెట్టాం.

తర్వాత ఆయన కోడి రామ్మూర్తి నాయుడు గారిని తలిచారు. మన వీరఘట్టం బిడ్డ. ఊపిరి బిగబట్టి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసు తెంపేవాడు, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకునేవాడు. మా ఊరి స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. "ఊపిరి మీద పట్టుంటే ఎంత బరువైనా తేలికేనండీ" అన్నారు మాస్టారు. కాదనను. కాకపోతే రామ్మూర్తి గారి గుండెల మీది ఏనుగు చప్పట్లు మోగాక దిగిపోయేది. మా సూపరింటెండెంటు గారి మీది ఏనుగు మూడేళ్ళ కిందట ఎక్కింది. దిగమంటే ఇంకా ఉత్తర్వులు రాలేదంటోంది.

యోగా దండగ అనేవాళ్ళతో నాకు పేచీ. ఊపిరి నిదానంగా వదిలితే గుండె దడ తగ్గుతుంది, ఇది నా ఒంటి మీద నేను చూసుకున్న సంగతి. ఆరుగురం కలిసి తుమ్మెదల్లా ఝుమ్మంటుంటే ఫ్యాను కిరకిర కూడా వినపడదు. ఆ ఐదు నిమిషాలూ నిజంగా హాయి. ఇబ్బందల్లా ఆరో నిమిషంతోనే. ఆరో నిమిషంలో ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. ఏడో నిమిషంలో ఆడెంతమందో మగెంతమందో ఫారం నింపాలి. ఎనిమిదో నిమిషంలో ఫొటో మీద లొకేషన్ పడలేదని పైనుంచి ఫోను. అందరం మళ్ళీ చేతులెత్తాలి. మా టైపిస్టు మేడం ఒకరోజు తాడాసనంలో ఉండగానే టెలికాన్ఫరెన్సు మొదలైంది. ఒక చెయ్యి ఆకాశంలో, ఒక చెయ్యి చెవి దగ్గర. ఆ భంగిమకి శాస్త్రంలో పేరు లేదని మాస్టారు విచారించారు.

లండన్లో గవర్నమెంటు ఉద్యోగుల మీద 1967లో వైట్‌హాల్ అధ్యయనం అని ఒకటి మొదలుపెట్టారు. హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు చావులు ఎక్కువవుతున్నాయని అందులో తేలింది. పెద్దసారుకి బాధ్యతల బరువెక్కువ, కనుక ఆయన గుండే ముందు ఆగాలని అనుకునేవాళ్ళకి ఇది మింగుడుపడలేదు. చేసే పని మీద తన చేతిలో ఏమీ లేకపోవడం దానికొక కారణమని తర్వాతి పరిశోధన చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నవుట్‌ను ఉద్యోగానికి సంబంధించిన వ్యవహారంగానే రాసింది. వీటిని మనం సవినయంగా ఖండించాలి. ఒత్తిడి ఆఫీసులో ఉందని ఒప్పుకుంటే ఆఫీసును బాగుచెయ్యాలి, దానికి బడ్జెట్టు కావాలి. గుమాస్తా నడుములో ఉందంటే చాప చాలు. ఆ చాప కూడా ఎవరిది వారే తెచ్చుకోవాలని సర్క్యులర్లో ఉంది.

గొడవ అంకెల దగ్గర వచ్చింది. ఆరుగురు చేశారని నిజాయితీగా రాస్తే, మంజూరైన బలం 14, హాజరు 43 శాతం, సంజాయిషీ ఇవ్వండని మెమో వచ్చింది. ఎనిమిది ఖాళీలున్నాయండీ అని జవాబు రాశాం. ఖాళీల సంగతి వేరే సెక్షను చూస్తుందనీ, యోగా మాత్రం నూటికి నూరు శాతం ఉండాలనీ తిరుగు టపాలో వచ్చింది. పోస్టులు నింపమని ఏళ్ళ తరబడి రాస్తున్న ఆఫీసు మాది. ఆ పూట మధ్యాహ్నం భోజనాల లోపల యోగా ఫారంలో మేమే నింపేశాం. వారం తిరక్కుండా ఇంకో మెమో. పద్నాలుగురు ఆరోగ్యంగా ఉండగా ఫైళ్ళు ఎందుకు కదలడం లేదు? రేపు ఫొటోలో పద్నాలుగు తలకాయలూ కనబడాలి.

మర్నాడు అటెండరు వరండాలోకి వెళ్ళి అర్జీలు పట్టుకుని నిలబడ్డవాళ్ళని పిలిచాడు. ఏడుగురు దొరికారు. ఎనిమిదో కుర్చీలో మాస్టారే కూర్చున్నారు. ఆయన గౌరవ వేతనం బిల్లు నా దగ్గరే పెండింగులో ఉంది కనుక ఆయన్నీ అర్జీదారు కిందే లెక్కెయ్యొచ్చు.

"ఓ తాతా, ఇలగ రా. ఈ కుర్చీలో కూకో."

"అమ్మో, ఆఫీసరు కుర్చీ నాకేటి బాబూ!"

ఆమదాలవలస వైపు పల్లెటూరి రైతు. కాయితాల్లో తండ్రి పేరులో ఒక అక్షరం తప్పుపడింది, సరిచెయ్యమని పద్నాలుగు నెలలుగా తిరుగుతున్నాడు. తాడాసనం ఆయనకి కొత్తగా నేర్పక్కర్లేదు. బలవంతాన కూర్చోబెట్టారు. కుర్చీలోంచి తీసిన ఫైళ్ళ కట్టకి ఎక్కడా చోటులేక, అటెండరు దాన్ని తాత ఒళ్ళోనే పెట్టాడు.

మాస్టారు కళ్ళు మూసుకోమన్నారు. అందరం మూసుకున్నాం. గదంతా ఝుమ్మంది. ఆ ఝుంకారం మధ్యలోంచి సన్నగా ఒక గొంతు.

"బాబూ, ఇది నా కాయితమే."

నాలుగు మూలలా తనే పసుపు పూసి ఇచ్చిన అర్జీ, కట్టలో పైనుంచి రెండోది. అది నా అదనపు ఆసనమే కనుక తప్పించుకోవడానికి దారిలేదు. అక్కడికక్కడే నోటు రాశాను, సూపరింటెండెంటు గారు అక్కడికక్కడే ఇనీషియల్ వేశారు. నెలవారీ నివేదికలో 'యోగా వల్ల కదిలిన ఫైళ్ళు: 1' అని రాసుకోవడానికి కొత్త గడి కూడా గీశాను. నా సర్వీసులో ఒక ఫైలు అంత తొందరగా నడవడం అదే మొదటిసారి.

ఇక పెద్దసారు సంతకం మిగిలింది. ఆయన అసలు సీటు విజయనగరం. మా ఆఫీసు ఆయనకి అదనపు బాధ్యత, ఎప్పుడో గాని రారు. ఫోను చేస్తే అక్కడి అటెండరు ఎత్తి, సారు యోగాలో ఉన్నారండీ, ఫొటో అవుతోంది అన్నాడు. ఫోను పెట్టేశాక మా ఫారం చూసుకున్నాను. మా పద్నాలుగులో మొదటి పేరు ఆయనదే.

తాత ఇంకా కుర్చీలోంచి లేవలేదు. లేవొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు పాపం.

"ఐతే ఈ కట్ట ఒళ్ళో ఉంచుకోమంటారా, దించీమంటారా బాబూ?"