ఎర్త్ లేదు గానీ నిమ్మకాయ ఉంది

శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ వైపు వాళ్లకు జీడిపప్పు పని గురించి నేను చెప్పక్కర్లేదు. పిక్కలు ఉడకబెట్టి, పగలగొట్టి, పప్పుని 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెడితే గానీ పొట్టు ఊడదు. ఇప్పుడు కొందరి ఇళ్ల వెనక షెడ్డులో ఆ పని కరెంటు డ్రయ్యర్ చేస్తోంది. డ్రయ్యర్‌కి హీటర్, హీటర్‌కి ప్యానెల్ బోర్డు. రేకులోకి కారిన కరెంటుని మనిషి మీదికి రానీకుండా నేలలోకి దింపే తీగని ఎర్త్ అంటారు. ఆ బోర్డు కట్టే మేస్త్రీని ఒక్క మాట అడగండి: "ఎర్త్ ఎక్కడ?" పెళ్లి పందిట్లో తద్దినం గురించి అడిగినవాణ్ని చూసినట్టు చూస్తాడు. "అదేటి బాబూ, మన వైపు ఎవులూ పెట్టించుకోరు. పనిచేస్తందా నేదా, అది సూసుకోండి."

పనిచేస్తుంది. నా బాధ కూడా అదే. ఎర్త్ లేకపోయినా హీటర్ ఎర్రగా కాలుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, పప్పు ఆరుతుంది. లేని ఎర్త్ సంగతి ఎవరో ఒకరు డ్రయ్యర్ తలుపు మీద చెయ్యి వేసిన రోజున గానీ తెలీదు.

అలాగని మనవాళ్లు బోర్డు మీద ఖర్చుకు వెనకాడతారని కాదు. ఎర్ర అంకెల డిస్‌ప్లే ఉండాలి. వోల్ట్ మీటర్, ఆంపియర్ మీటర్ పక్కపక్కన ఉండాలి. ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడూ వెలగాలి. ఇంటికున్నది సింగిల్ ఫేజ్ కనెక్షన్ కదా, మూడు ఫేజుల దీపాలెందుకని అడక్కండి. మూడింటినీ ఒకే వైరుకి కలిపేశారు. చూడ్డానికి నిండుగా ఉంటుందని.

ఇక ప్రారంభోత్సవం. ప్లైవుడ్ డబ్బాకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. అగరొత్తులు గుచ్చడానికి చోటు దొరక్క, లోపలి వేడి బయటికి పోవడానికి వదిలిన కన్నాల్లో గుచ్చారు. బూడిద నేరుగా టెర్మినళ్ల మీద రాలుతోంది. డ్రయ్యర్ కింద నాలుగు మూలలా నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ బోర్డు ముందే కొట్టాలని పెద్దాయన పట్టు. కొట్టారు, నీళ్లు బోర్డు మీదే చిందాయి. "శుభం" అన్నారు. అప్పుడు కనిపించింది నాకు, బోర్డు లోంచి బయటికొచ్చిన ఆకుపచ్చ వైరు. ఎర్త్ వైరే! పోనీలే, నలుగురిలో ఒకడికైనా బుద్ధుందని సంతోషిస్తూ దాని వెంట వెళ్లాను. కిటికీ దాటి, గోడ మలుపు తిరిగి, సున్నం గోడకి కొట్టిన మేకుకి చుట్టుకుని ఆగిపోయింది. ఆ మేకుకీ కుంకుమ బొట్టుంది.

గుంత తవ్వి, జింకు పూత ఇనప (జీఐ) పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేసి, అప్పుడప్పుడూ నీళ్లు పొయ్యమని పాత మేస్త్రీలు చెప్పేవారు. ఐఎస్ 3043 అని దానికో ప్రమాణం కూడా ఉంది. మనకి మేకు చాలు.

"ఎంసీబీ ఉంది కదండీ" అంటారు చదువుకున్నవాళ్లు. ఎంసీబీ అంటే లోడు మితిమీరితే దానంతటదే పడిపోయి కరెంటు ఆపేసే స్విచ్చు. ఉంది. 3 కిలోవాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది, అందుకని 16 ఆంపియర్లది పెట్టారు. అది కాపాడేది వైరుని, మిమ్మల్ని కాదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. ఆ కాస్త కరెంటు ఎంసీబీ లెక్కలోకే రాదు. దాన్ని పట్టేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కాస్త పక్కదారి పట్టినా పడిపోయి లైను ఆపేసే స్విచ్చు. ఖరీదు రెండు వేలకి అటూ ఇటూ. ఆ మూడు దీపాలూ, రెండు మీటర్లూ మానేసుంటే చాలావరకు వచ్చేసేది.

హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే ఎస్ఎస్ఆర్ అనే చిన్న డబ్బా ఒకటుంటుంది. అది పాడైతే ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది. డిస్‌ప్లే మాత్రం "ఆఫ్" అని చెబుతూనే ఉంటుంది. అందుకే దాని ముందు లైనునే తెంపేసే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చు, వేడి హద్దు దాటితే దాన్ని పడేసే వేరే థర్మోస్టాట్ ఉండాలి. సరే, ఎర్త్‌కే దిక్కు లేనిచోట ఇదెవడు వింటాడు?

అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాక ఇంట్లో బీరు కాచుకోవడం చట్టబద్ధమైంది. అక్కడ కరెంటు మీద బీరు కాచేవాళ్లు ప్యానెల్ కట్టేటప్పుడు ఎర్త్ లీకేజీ బ్రేకర్, కాంటాక్టర్, ఎమర్జెన్సీ స్టాప్ గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. తాగడానికి కాచుకునేవాళ్లకున్న భయం, దేవుడి ప్రసాదంలోకి పప్పు ఆరబెట్టే మనకు లేదు.

ఇప్పుడు అసలు ఘనకార్యం. ఎర్త్ కావాలని మరీ పట్టుబడితే కొందరు మేస్త్రీలు సాకెట్ లోపల కరెంటు తిరిగి వెళ్లే తీగ, అంటే న్యూట్రల్ నుంచి చిన్న తీగముక్క లాగి ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. "ఇదిగో ఎర్త్" అని టెస్ట్ బల్బు వెలిగించి మరీ చూపిస్తారు. బయట న్యూట్రల్ తీగ తెగిందంటే ఆ 230 వోల్టులు హీటర్ గుండా వచ్చి డ్రయ్యర్ రేకు మీద కూర్చుంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడి తోటలూ కొబ్బరి చెట్లూ స్తంభాలూ కలిసి పడ్డాయి. తీగలు తెగడమంటే ఏమిటో ఈ జిల్లాకి ఇంకెవరైనా వచ్చి చెప్పాలా? ఆ తలుపు తీసేది ఓనరు కాదు, మేస్త్రీ కాదు. తడి సిమెంటు మీద చెప్పుల్లేకుండా నిలబడి ట్రేలు లాగే కూలి మనిషి. ఆమెకి షాకు కొడితే "టైము బాలేదు" అంటారు. టైము కాదయ్యా, నువ్వు పెట్టిన తీగముక్క! దానికి రాత అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

ఒకాయన మాత్రం నా పోరు పడలేక ఆర్‌సీసీబీ పెట్టించాడు. వారం తిరక్కుండా ఫోను: "బాబూ, మీ డబ్బా ఊరికే పడిపోతంది." పడదా మరి? హీటర్ చెమ్మ పట్టి డ్రయ్యర్ రేకులోకి కరెంటు వదుల్తోందని అది మొత్తుకుంటోంది. హీటర్ మార్చమన్నాను. వెళ్లి చూస్తే హీటర్ అదే. మేస్త్రీ ఆర్‌సీసీబీని తప్పించి లైను డైరెక్ట్ చేసేశాడు. డబ్బా మాత్రం బోర్డులోనే ఉంచారు, ఎవరైనా చెకింగుకి వస్తే చూపించడానికట.