బీప్ గారూ, ఆ ఒక్క మాట చెప్పి పోండి

గౌరవనీయులైన బీప్ గారికి,

మొన్న ఆదివారం రాత్రి మా ఇంట్లో అందరినీ ఒకేసారి వెర్రివాళ్లని చేసినందుకు ముందుగా అభినందనలు. వారమంతా కామెడీ షో ప్రోమో వేశారు. తెల్ల లాల్చీ, మెడలో కండువా, చేతిలో మైకు, నాయకుడి గొంతు అచ్చుగుద్దినట్టు దించేసిన కుర్రాడు "ఎన్నికల ముందు నేనేమన్నాను? అధికారంలోకి రాగానే మీ అందరికీ..." అని ఆగుతాడు, మీరు మోగుతారు, జడ్జీలు కుర్చీల్లో దొర్లుతారు. ప్రోమో కదా, ఊరించడానికి మోగించారు, ఎపిసోడ్‌లో వినిపిస్తారులే అనుకున్నాం. తొమ్మిది కొట్టేసరికి పడకెక్కే మా నాన్న కూడా ఆ ఒక్క మాట కోసం సోఫాలో కళ్లు నులుముకుంటూ కూర్చున్నారు.

ఆ స్కిట్ చిట్టచివర్లో పెట్టారు, పెడతారని తెలుసు. అంతకుముందు ఏం చూశామో చెప్పక్కర్లేదు, మీరూ అక్కడే ఉన్నారుగా. పెళ్లాన్ని తిట్టే మొగుడు, మొగుణ్ని కొట్టే పెళ్లాం, చీర కట్టిన మగాడు, లావుగా ఉన్నవాడి మీద ఒకటి, నల్లగా ఉన్నవాడి మీద నాలుగు, అర్థం విప్పితే పిల్లల ముందు తలెత్తుకోలేని మాటలు. ఒక్కచోట కూడా మీరు కిక్కురుమనలేదు. ఆ తర్వాత కుర్రాడొచ్చాడు. "అధికారంలోకి రాగానే మీ అందరికీ..."

బీప్. కాస్త ఆగి మళ్లీ బీప్. పైన ఎక్కడో ముందే రికార్డు చేసి పెట్టుకున్న నవ్వులు. జడ్జీ గారు కళ్లు తుడుచుకుంటున్నారు. నోటి దగ్గర మసక కూడా వేశారు, పెదాలు చూసైనా పోల్చుకుందామంటే. "ఏమన్నడురా?" అని నాన్న అడిగారు. నన్ను చూశారు, మా అబ్బాయిని చూశారు, చివరికి రిమోట్‌ని చూశారు. ఏమని చెప్పమంటారు? టీవీ వాళ్లు నవ్వారు నాన్నా, మనం రేపొద్దున నవ్వుకుందాం అనా?

సరే, చట్టం ఉంది. కేబుల్ టీవీ రూల్స్‌లో ప్రోగ్రామ్ కోడ్ ఉంది, అందులో వ్యక్తుల్ని విమర్శించడం, నిందించడం కూడదని ఓ ముక్కా ఉంది. ఆ లెక్కన లావుపాటివాళ్లు, నల్లవాళ్లు, పెళ్లాలు వ్యక్తులు కారన్నమాట. బాగుంది.

మర్నాడు పొద్దున ఇంకో చిత్రం. న్యూస్ పెడితే మళ్లీ మీరే. ఎవరి పరువు కోసం రాత్రి మోగారో ఆ పెద్దమనిషే ప్రెస్‌మీట్‌లో ప్రత్యర్థిని తిడుతున్నాడు. తల్లిని, పుట్టుకని, దేన్నీ వదల్లేదు. మధ్యమధ్య 'వాడు', 'వీడు' తప్ప మిగతాదంతా మీ స్వరమే. తిట్టడం అయ్యాక మంచినీళ్లు తాగి, ఈ కామెడీ షోలు మన సంస్కృతిని పాడు చేస్తున్నాయని బాధపడ్డాడు. రాత్రి డ్యూటీలో ఆయన్ని జోకు నుంచి కాపాడారు, పొద్దున డ్యూటీలో ఆయన నోటి నుంచి మమ్మల్ని కాపాడారు. ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటున్నారా?

ఇది ఒక్క పార్టీ సంగతి కాదని నాకు తెలుసు. 2014 జూన్‌లో, తెలంగాణ వచ్చి నెల కూడా తిరగకముందే, కొత్త ఎమ్మెల్యేల ప్రమాణ స్వీకారాల మీద టీవీ9 వెటకారం చేస్తే కేబుల్ ఆపరేటర్లు ఏకంగా చానల్‌నే ఆపేశారు. మాకేం సంబంధం లేదంది టీఆర్ఎస్ సర్కారు. అదే పార్టీ అధికారంలో ఉండగానే 2021 డిసెంబరులో కేటీఆర్ గారు స్టాండప్ కమెడియన్లని హైదరాబాద్‌కి రండి అని పిలిచారు. వేరే ఊళ్లలో షోలు రద్దయిన కమెడియన్ మునావర్ ఫారూఖీ 2022 ఆగస్టులో శిల్పకళా వేదికలో వందల మంది పోలీసుల మధ్య జోకులు చెప్పి వెళ్లాడు. మంచిదే, కాదనను. బయటివాళ్లు బయటి నాయకుల మీద వేసే జోకులకి మన దగ్గర ఎప్పుడూ హాలు దొరుకుతుంది. తర్వాత సర్కారు మారింది. ప్రశ్నించే గొంతులకి స్వేచ్ఛ అన్నవాళ్లొచ్చారు. 2025 మార్చిలో ఓ పెద్దాయన ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టారని ఇద్దరు మహిళా జర్నలిస్టులని పోలీసులు అరెస్టు చేశారు. ఇప్పుడు ప్రతిపక్షంలో కూర్చున్నవాళ్లకి భావప్రకటన స్వేచ్ఛ మీద వల్లమాలిన ప్రేమ పుట్టుకొచ్చింది. కుర్చీ మారితే ఈ ప్రేమా ఇల్లు మారుతుంది.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ ఇదే. రెండో ఫ్లోర్ అంకుల్ నాయకుడి మీద మిమిక్రీ వస్తే నాలుగో ఫ్లోర్ అంకుల్ పగలబడి నవ్వే బొమ్మలు పెడతాడు. తన నాయకుడి మీద వస్తే 'కళకి హద్దుండాలి' అని నీతి పాఠం. మొన్నటి క్లిప్పు చూసి ఇద్దరూ నవ్వారు, ఎందుకంటే మీ పుణ్యాన అసలు మాటేంటో ఇద్దరికీ తెలియలేదు.

ఈ తెలుగు నేల మీదే నేరెళ్ల వేణుమాధవ్ గారనే ఓరుగల్లు మనిషి నాయకుల గొంతులూ నటుల గొంతులూ దించేవారు. పీవీ ముఖ్యమంత్రిగా ఉండగా 1972లో ఆయన్ని ఎమ్మెల్సీని చేశారు. గొంతు దించినవాణ్ని తీసుకెళ్లి సభలో కూర్చోబెట్టారు! ఈ కుర్రాణ్ని ఎక్కడ కూర్చోబెడతారో తెలిసే, భయపడి నిన్ను ముందు పంపించారు.

అవును, నిన్నే అంటున్నాను, ఇక మర్యాదలెందుకు. ఆ కుర్రాడు కృష్ణానగర్‌లో ఏ ఇరుకు గదిలోనో అద్దం ముందు నిలబడి ఆ గొంతు కోసం ఎన్ని రాత్రులు అరిచి ఉంటాడో. దగ్గు, ముక్కు ఎగబీల్చడం, పదం మధ్యలో ఆగి కళ్లద్దాలు సర్దుకోవడం, అన్నీ పట్టాడు. తీరా అసలు మాట దగ్గరికొచ్చేసరికి వాడి గొంతు మీద కూర్చున్నావు. రాసినవాడి కష్టం పోయింది, చెప్పినవాడి కష్టం పోయింది, చానల్‌కి రేటింగ్ వచ్చింది, నాయకుడికి పరువు మిగిలింది. మాకేం మిగిలింది? అంత భయమైతే ఆ స్కిట్ ఎందుకు చేయించాలి? చేయించి, వారమంతా చూపించి, చివరికి నిన్ను పెట్టడమేంటి? ఇది భయం కూడా కాదు, భయాన్ని కూడా అమ్ముకోవడం.

నీ మీద నాకు పాత పగేం లేదు. దూరదర్శన్ రోజుల్లో ప్రసారాలకి ముందు రంగుల గీతలతో పాటు నువ్వే మోగేదానివి, నువ్వు ఆగితే ప్రోగ్రామ్ మొదలవుతుందని కాచుకుని కూర్చునేవాళ్లం. ఇప్పుడు మా అబ్బాయి తిట్టు తెలియక "నీ బీప్" అని స్నేహితుడితో పోట్లాడుతున్నాడు. వాణ్ని కోప్పడాలో వద్దో కూడా అర్థం కావట్లేదు.

వచ్చే ఆదివారం 'పార్ట్ టూ' అట. ప్రోమో అప్పుడే వచ్చేసింది, అందులోనూ నువ్వున్నావు. చూస్తాం, చూడక ఛస్తామా.

ఇట్లు,
ఆ మాట ఇంకా తెలియని
ఒక మలక్‌పేట కుటుంబం