సవరణ: పికప్ బండి లాగకపోతే ముందు డీజిల్ ఫిల్టరేనా?

"లోడుతో బండి లాగకపోతే డీజిల్ ఫిల్టర్ మార్చండి" అని మొన్నటి పోస్టులో రాశాను. మార్చినా తేడా రాలేదని కొందరు అడిగారు, అందుకే ఈ వివరణ. ఆ సలహా అన్ని బండ్లకూ పనికిరాదు. డబ్బులు పెట్టే ముందు పొగ చూడండి.

గట్టిగా తొక్కినప్పుడు నల్లపొగ బాగా వస్తుంటే డీజిల్ అందుతోంది, గాలే చాలట్లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి. భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ములో తిరిగే బండ్లకు అది తొందరగా మూసుకుపోతుంది. అది బాగుంటే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే భాగం) పోయే రబ్బరు పైపు చూడాలి. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. ఇంజిన్ చల్లారాక క్లిప్పు దగ్గర, కిందివైపు వేళ్లతో తడమండి. సన్నటి చీలిక, దాని చుట్టూ జిడ్డు నూనె తగిలితే గాలి పోయేది అక్కడే. తొక్కినప్పుడు ఈల లాంటి చప్పుడూ వస్తుంటుంది. చాలాసార్లు పైపు మారిస్తే సరిపోతుంది. పైపు చూడకుండానే టర్బో మార్చాలని మెకానిక్ అంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి, అది చాలా పెద్ద ఖర్చు.

నల్లపొగ లేకుండా, ఎత్తు ఎక్కేటప్పుడు బండి చచ్చుబడుతుంటే అప్పుడు డీజిల్ ఫిల్టర్‌ను అనుమానించండి. దాని అడుగున చేరిన నీళ్లు కూడా దించండి.

ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరిగినా స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ముందు స్కానర్ పెట్టించి లోపం ఏంటో చూపించుకోండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి లోడు ఎత్తే ముందే ఇవన్నీ చూసుకోండి, దారిలో ఆగితే కిరాయి కూడా పోతుంది.