హోప్ ఐలాండ్ పోస్టుకి సవరణ

మొన్న కాకినాడ హోప్ ఐలాండ్ గురించి రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయండి, క్షమించండి. 1789 ఉప్పెనకి ఆ దీవి మీద ఊరు కొట్టుకుపోయిందన్నాను, కాదు, పోయింది కాకినాడ దగ్గరి కోరంగి అనే రేవు ఊరు, దీవేమో గోదారి తెచ్చిపోసిన ఇసకతో ఈ రెండొందల ఏళ్లల్లో సాగుతూ వచ్చిన తిన్నె, అక్కడ ఎంత తవ్వినా చేతికి తగిలేది ఇసకా గవ్వముక్కలే.

ఇంకోటి, సైక్లోన్ అన్న మాట 1839 గాలివాన వల్ల పుట్టిందని రాశాను. కలకత్తాలో ఉండి తుపాన్ల మీద పరిశోధన చేసిన ఇంగ్లీషాయన హెన్రీ పిడింగ్టన్ 1848లో ఆ మాట పెడుతూ చెప్పింది 1789 డిసెంబర్ నాటి కోరంగి తుపాను గురించి, మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి 20 వేల మందిని పొట్టనపెట్టుకున్నాయంటారు. 1839 నవంబర్‌ది వేరే, ఓడలు కట్టిన కోరంగి ఆ దెబ్బకి మళ్లీ లేవలేదు. అంతమంది పోయిన సంగతిలో ఏడాది తప్పు రాశానని తెలిశాక మనసు ఊరుకోలేదు, పాత పోస్టు కూడా దిద్దేశాను.