నది ఆరోగ్యం భేష్, కావాలంటే రిపోర్టు చూసుకోండి

మన వైపు నదుల మీద ఈ మధ్య నోటికొచ్చినట్టు మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. మానేరు పక్కన నిలబడలేకపోతున్నామని ఒకరు, నయీంనగర్ నాలా వైపు కిటికీ తెరిస్తే అన్నం సహించడం లేదని ఇంకొకరు. వీళ్లందరిదీ ముక్కు శాస్త్రం. నీటి పరీక్షల రిపోర్టు చదివిన పాపాన ఒక్కరూ పోలేదు. చదివితే తెలిసేది, మన నదుల ఆరోగ్యం మనకంటే బాగుందని.

అసలు కొలవడంలో మనల్ని మించినవాళ్లు లేరు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6, 2022 జూలైలో 71.3 అని చాయ్ తాగుతూ కూర్చున్నవాళ్లు కూడా దశాంశంతో సహా చెప్తారు. వానాకాలంలో గంటగంటకూ టీవీలో అంకె మారుతుంది. అంత ఎత్తున వచ్చిన నీళ్లలో ఏముందని మాత్రం ఎవరూ అడగరు. అది నది సొంత విషయం, ఎప్పుడో నెలకోసారి సీసాలో పట్టి చూస్తే సరిపోతుంది. కాలుష్యానికి కూడా అలాగే మూడు హెచ్చరికలు పెట్టాలని ఒక కుర్ర లెక్చరర్ సలహా ఇచ్చాడు. బాగానే ఉంది కానీ, మూడో హెచ్చరిక వచ్చాక చేపల్ని ఏ ఫంక్షన్ హాలుకు తరలించాలి, పులిహోర పొట్లాలు ఎన్ని కట్టించాలి అంటే ఆయన దగ్గర జవాబు లేదు.

సీసా సంగతికొస్తే, శాంపిల్ తీసే టైములోనే ఉంది అసలు పాండిత్యమంతా. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ రోజంతా ఒకేలా ఉండదు. ఎండ ఉన్నంతసేపూ నాచు ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక అదే నాచు, సూక్ష్మజీవులు, చేపలు అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి అంకె పైన ఉంటుంది, తెల్లవారుజామున అడుగంటుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, మురుగు కలిసి నాచు ఎంత దట్టంగా పెరిగితే మధ్యాహ్నం అంకె అంత ఘనంగా వస్తుంది. 30 డిగ్రీల నీళ్లు మామూలుగా పట్టుకోగలిగేది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు, ఆ పైన చిల్లర, కానీ పచ్చగా మారిన నీళ్లలో అది పది కూడా దాటొచ్చు. శాంపిల్ తీసే సారు హనుమకొండలో టిఫిన్ చేసి, జీపెక్కి, దారిలో నాలుగు ఫోన్లు మాట్లాడి, భోజనం కానిచ్చి రేవుకు చేరేసరికి సరిగ్గా ఆ శుభ ముహూర్తమే అవుతుంది. ఎవరూ ప్లాన్ చేసింది కాదు, అలా కుదిరిపోయింది.

రేవులో వల సర్దుకుంటున్న ముసలాయన ఊరుకోడు కదా. "సారూ, కోడి కూసే యాళ్లకు రాండ్రి, చేపలన్నీ నోర్లు తెరుసుకొని పైకొచ్చి కొట్టుకుంటుంటయి, గప్పుడు పట్టుండ్రి మీ సీసల" అన్నాడు. "తాతా, ఆఫీసు తెరిచేదే పదిన్నరకు" అని సారు మర్యాదగానే చెప్పారు. అయినా రిపోర్టులో వేసేది ఏడాది సగటు. సగటున చేప బాగానే ఊపిరి పీలుస్తోంది. ఏదో ఒక తెల్లవారుజామున రెండు గంటలు పీల్చకపోతే ఆ సంగతి సగటులో కనిపించదు, ఒడ్డున తేలితే కనిపిస్తుంది గానీ అది వేరే శాఖ.

ఈ విషయంలో రాష్ట్రం ముందుచూపును మెచ్చుకుని తీరాలి. కొర్రమీనును రాష్ట్ర చేపగా పెట్టుకున్నది రుచి చూసి అనుకుంటారు అమాయకులు. కొర్రమీను పైకొచ్చి నేరుగా గాలి పీల్చగలదు, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా లేకున్నా దానికి టెన్షన్ లేదు. రవ్వకు, బొచ్చెకు ఆ తెలివి లేదు, పోతే పోయాయి.

ఒక నాలా కలిసే చోట పరీక్ష చేస్తుంటే దగ్గరుండి చూశాను. 300 మిల్లీలీటర్ల గాజు సీసా, బుడగ దూరకుండా నింపాలి. అందులోకి మాంగనీస్ సల్ఫేటు, తర్వాత ఆల్కలీ అయొడైడు పైపెట్‌తో వదిలి, మూత బిగించి, తలకిందులు చేసి ఊపుతారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి కిందికి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. తెల్లగానే వచ్చింది. ఊపిన కుర్రాడి మొహం మాడిపోయింది. సారు మాత్రం సీసాను ఎండకెత్తి చూసి, "ఎంత తెల్లగా ఉందిరా, ఒక్క మరక లేదు" అన్నారు.

గ్రేడింగు కూడా దయగలదే. ఏ నుంచి ఇ దాకా ఐదు తరగతులు. క్రిములు చంపితే చాలు, తాగొచ్చు అన్నది ఏ. దానికి ఆక్సిజన్ లీటరుకు 6 మిల్లీగ్రాములు ఉండాలి, బీఓడీ, అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు అడిగే ఆక్సిజన్, 2 దాటకూడదు. స్నానాలకు బి, ఆక్సిజన్ 5 చాలు. శుద్ధి చేసి తాగే నీళ్లకు సి, చేపలకు డి, రెండింటికీ 4. పొలాలకు, ఫ్యాక్టరీలు చల్లబరచుకోవడానికి ఇచ్చే ఇ కి వచ్చేసరికి ఉప్పు ఎంత, సోడియం ఎంత, బోరాన్ ఎంత అంటారు గానీ ఆక్సిజన్ ఊసే ఎత్తరు, అవుటాఫ్ సిలబస్. ఇంత సులువు పేపరు చేతిలో ఉండగా నది ఫెయిలవుతుందని భయపడటం ఎందుకో నాకర్థం కాదు.

ఇక మోడలింగ్, అంటే నది తీరును కంప్యూటర్‌లో లెక్కగట్టడం. 1925లో అమెరికాలో ఒహాయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు ఒక సమీకరణం ఇచ్చారు. మురుగు కలిసిన చోటు నుంచి కిందికి పోయేకొద్దీ ఆక్సిజన్ పడిపోతుంది, మళ్లీ గాలిలోంచి కలుస్తూ కొంత దూరం పోయాక లేస్తుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటి పునాది అదే. అందులో చిన్న షరతు ఉంది, నది పారాలి. ఎండాకాలంలో మానేరు డ్యాం కింద నీళ్లు వదలని రోజుల్లో పారేదల్లా ఊళ్ల మురుగే, అదీ ఇసుక లారీలు తవ్వి వదిలిన గుంతల్లో ఆగి ఆగి. అంటే మురుగులో మురుగు కలిస్తే ఏమవుతుందో చెప్పమని కంప్యూటర్‌ను అడుగుతున్నాం. అది పాపం చెప్తుంది, మనం ఇచ్చిన అంకెను నమ్మడం తప్ప దానికి వేరే గతి లేదు. మోడల్ గీసిన గీత, శాంపిళ్లలో కొలిచిన అంకెల చుక్కల మీదికి రాకపోతే గుణకాన్ని ఇంత పెంచి, అంత తగ్గించి వచ్చేదాకా కూర్చుంటారు, దాన్ని కాలిబ్రేషన్ అంటారు. చుక్కలు ఎక్కువుంటే ఈ పని నరకం. ఒక్క చుక్కే ఉంటే ఏ గీతైనా దాని మీంచి హాయిగా పోతుంది. అందుకే శాంపిళ్లు పెంచమని గోల చేసేవాళ్లను మోడలింగ్ శత్రువులుగా ప్రకటించాలి.

ఇంత చక్కటి ఏర్పాటుకు గండి కొడుతున్నవి పురుగులు. రాళ్ల కింద, ఇసుకలో బతికే మేఫ్లై పిల్లలు, తూనీగ పిల్లలు రాత్రింబవళ్లు నీళ్లలోనే డ్యూటీ చేస్తాయి, ఆదివారం లేదు, పండగ లేదు. ఒక్క రాత్రి ఎవడో ట్యాంకర్ ఒంపిపోయినా మేఫ్లై మాయమవుతుంది, కొన్నాళ్లకు వచ్చి రాయి తిరగేసినా గుట్టు బయటపడుతుంది. చెడిన నీళ్లలో మిగిలేవి సన్నటి ఎర్ర పురుగులు, ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంది కాబట్టి ఉన్న కాస్త ఆక్సిజన్‌తో సర్దుకుపోయే రకం. ఇలా ఏది ఉంది, ఏది లేదు అని లెక్కగట్టి నీటికి మార్కులేసే పద్ధతి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఎప్పటి నుంచో ఉంది. కావలసింది ఒక వల, ఒక తెల్ల ట్రే, మోకాలి లోతు దిగే ఓపిక. ఇందులో టెండర్ పిలవడానికి ఏముంది చెప్పండి? అదే ఆన్‌లైన్ సెన్సార్ అయితే శిలాఫలకం ఉంటుంది, రిబ్బన్ ఉంటుంది, తుడిచే నాథుడు లేక ప్రోబ్‌కు నాచు పట్టాక ఎలాంటి అంకె కావాలంటే అలాంటి అంకె ఉంటుంది. అదృష్టం కొద్దీ ఇసుక తవ్వకాలు ఈ సాక్షులను ఇల్లూ వాకిలితో సహా లారీలకెత్తేస్తున్నాయి.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. స్నానాల నీళ్లలో వంద మిల్లీలీటర్లకు కోలిఫాం, అంటే మలం కలిసిందేమో చెప్పే బ్యాక్టీరియా, 500 దాటకూడదని లెక్క. లక్షల మంది మునిగే రేవులో ఆ అంకె కోసం వెతకడం ఎవరికీ మంచిది కాదు కాబట్టి నేనొక దారి చెప్తాను. కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహితలతో పాటు సరస్వతి కూడా అంతర్వాహినిగా కలుస్తుంది కదా, 2025 మేలో దానికీ పుష్కరాలు చేసుకున్నాం. నాలా కలవనిది, ఫ్యాక్టరీ పైపు చేరనిది, ఇసుక లారీ దిగనిది అదొక్కటే. 'ఏ' గ్రేడు దానికిచ్చేసి, మూడు నదులకూ కలిపి సగటు తీస్తే సరిపోతుంది. శాంపిల్ పాయింట్ ఎక్కడన్నది ఇంకా తేలలేదు గానీ మోడల్ మాత్రం రన్ చేసేశారట, రిజల్ట్ చాలా బాగా వచ్చిందట.