విరాళం నేరుగా బిల్లింగ్ కౌంటర్‌కే చేరాలి

ముక్కులో గొట్టంతో మంచం మీద పసిబిడ్డ ఫొటో, దాని కింద ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఎస్టిమేట్, ఆ కింద క్యూఆర్ కోడ్, "రేపు పొద్దున్నే ఆపరేషన్" అన్న ఒక్క వాక్యం. విశాఖలోని అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, పూర్వ విద్యార్థుల గ్రూపుల్లో, స్టీల్‌ప్లాంట్ ఉద్యోగుల గ్రూపుల్లో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. వీటిలో నిజమైనవి చాలా ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకూ, మన్యానికీ, ఒడిశా సరిహద్దు ఊళ్లకూ పెద్ద జబ్బు వస్తే దిక్కు కేజీహెచ్, విమ్స్ అనే ప్రభుత్వ ఆస్పత్రులు, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, ఆరిలోవ హెల్త్ సిటీలోని ఆస్పత్రులే. దొంగ విజ్ఞప్తి చేసేవాడికి కలిసొచ్చేది కూడా ఇదే. నగరం నిండా దూరం నుంచి వచ్చిన రోగులే కాబట్టి "మాది పాడేరు అవతల" అంటే మరో ప్రశ్న వేసేవాళ్లు ఉండరు.

ఒకసారి మోసపోయిన దాత ఆ తర్వాత ఫొటోలను భూతద్దంతో చూడటం మొదలుపెడతాడు. జుట్టు రాలిందా, కనుబొమలు ఉన్నాయా, ఏడుపు నిజమా అని. ఈ పరీక్ష నిజమైన రోగిని అవమానిస్తుంది, దొంగను మాత్రం పట్టుకోలేదు. కాలిఫోర్నియాలో ఒక మహిళ తనకు హాడ్జ్‌కిన్ లింఫోమా ఉందని ఏళ్ల తరబడి నమ్మించి లక్ష డాలర్లకు పైగా వసూలు చేసింది. గుండు చేయించుకుంది, వైద్య పత్రాలు ఫోర్జరీ చేసింది. 2022లో ఆమెకు అయిదేళ్ల జైలు పడింది. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ మెదడు క్యాన్సర్‌ను జయించానని చెప్పుకుని పేరు, డబ్బు సంపాదించింది. ఆ ఆదాయం సేవాసంస్థలకు ఇస్తానన్న మాటా నిలుపుకోలేదు. 2017లో అక్కడి ఫెడరల్ కోర్టు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ముఖం చూసి, కాగితం చూసి జబ్బును నిర్ధారించడం దాతల పని కాదు, అది వాళ్ల వల్ల అయ్యేదీ కాదు. దాత చూడాల్సింది డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందన్నదే.

అసలు లేని జబ్బును మొత్తంగా కల్పించడం శ్రమతో కూడిన మోసం. దానికన్నా సులువైనది ఇంకొకరి బిడ్డ ఫొటోను ఎత్తుకోవడం. వెన్నెముక కండరాల క్షీణత ఉన్న పసివాళ్ల కోసం, సుమారు 16 కోట్ల రూపాయల జోల్‌జెన్‌స్మా ఇంజెక్షన్ కోసం, దేశమంతటా బహిరంగంగా విరాళాలు సేకరించారు. ఆ ఫొటోలు, వీడియోలు ఎవరి ఫోన్‌కైనా అందుతాయి. పోస్టర్ అదే ఉంచి క్యూఆర్ కోడ్, ఫోన్ నంబరు మారిస్తే చాలు. అందుకే యూపీఐలో పంపేముందు తెర మీద కనిపించే బ్యాంకు ఖాతాదారు పేరు చదవాలి. పోస్టర్‌లో తల్లి పేరు ఒకటి, తెర మీద సంబంధం లేని పేరు మరొకటి అయితే ఆగిపోవాలి. "ఆమెకు ఖాతా లేదు, మా అన్నయ్యది ఇచ్చాం" అన్న జవాబు నిజం కావచ్చు. అప్పుడు కూడా దారి ఒకటే, ఆస్పత్రి ఖాతా.

అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైనది సగం నిజం. జబ్బు ఉంటుంది, రోగి ఉంటాడు, బిల్లు మాత్రం అప్పటికే తీరిపోయి ఉంటుంది. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద క్యాన్సర్, గుండె, కిడ్నీ చికిత్సల్లో చాలా వాటికి అర్హులైన కుటుంబాలు ఆస్పత్రికి కట్టాల్సిందేమీ ఉండదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చే రోగినే తీసుకోండి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు సాగే డయాలసిస్ ఈ పథకంలోనే జరుగుతుంది. "డయాలసిస్‌కు వారానికి పది వేలు" అని ఎవరైనా అడిగితే, పథకం ఎందుకు వర్తించలేదో అడగడం కఠినత్వం కాదు. కార్డు లేకపోవచ్చు, ఆ ఆస్పత్రి పథకం జాబితాలో లేకపోవచ్చు, ఆ చికిత్స ప్యాకేజీలో లేకపోవచ్చు. ఇవన్నీ నిజంగా జరిగేవే. ఆస్పత్రిలో ఈ పథకం వివరాలు చెప్పే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర కుటుంబసభ్యులతో కలిసి కనుక్కుంటే తేలిపోతుంది. చాలాసార్లు అక్కడ తేలేది మోసం కాదు, తమకు అర్హత ఉందని ఆ కుటుంబానికి తెలియకపోవడం. అప్పుడు మీ అయిదొందల కన్నా ఆ పది నిమిషాల సాయమే వాళ్లకు ఎక్కువ. "కిడ్నీ కొనడానికి డబ్బు కావాలి" అని అడిగితే మాత్రం చర్చ అనవసరం. అవయవాల కొనుగోలు 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నేరం. మరణించినవారి అవయవాలు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకున్న రోగులకు వరుస ప్రకారమే వస్తాయి.

ఎస్టిమేట్ కాగితం విషయంలోనూ జాగ్రత్త కావాలి. యూహెచ్‌ఐడీ (ఆస్పత్రి రోగికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), అడ్మిట్ అయితే ఐపీ నంబరు (ఇన్‌పేషెంట్ సంఖ్య), వార్డు, చికిత్స చేస్తున్న డాక్టర్ పేరు, వైద్యమండలి రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సంతకం, ముద్ర ఉండాలి. ఇవన్నీ ఉన్నా అది ఎడిట్ చేసిన కాగితం కావచ్చు. అసలు రోగి పేరు చెరిపి వేరే పేరు అతికించినప్పుడు అక్షరాల సైజు, వయసు, రిపోర్టు తేదీ పొసగవు. క్యాన్సర్ అంటే సాధారణంగా బయాప్సీ లాంటి పరీక్ష రిపోర్టు ఉంటుంది, స్కాన్ ఒక్కటే చూపిస్తే ఎందుకో అడగాలి. కాగితంలో ఉన్న ఫోన్ నంబరుకు మాత్రం చేయకండి, ఆ నంబరు కూడా మోసగాడిదే అయి ఉండొచ్చు. ఆస్పత్రి సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకు చేయండి. అక్కడ "రోగి వివరాలు చెప్పం" అంటారు. అలా అనడం వాళ్ల బాధ్యత. దాన్ని మోసానికి సాక్ష్యంగా గ్రూపులో పెట్టడం అన్యాయం.

వివరాలు చెప్పని అదే ఆస్పత్రి డబ్బు మాత్రం తీసుకుంటుంది. తేలికైన తనిఖీ ఇక్కడే ఉంది. బిల్లింగ్ కౌంటర్‌లో ఐపీ నంబరు చెప్పి ఆ ఖాతాకు ఎంతైనా కడతామంటే కంప్యూటర్‌లో పేరు రావాలి, రసీదు ఆ పేరు మీదే రావాలి. నంబరు కల్పితమైతే కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. రోగిని ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు. ఆస్పత్రులకు యూపీఐలో ఒకేసారి 5 లక్షల వరకు కట్టడానికి రిజర్వ్ బ్యాంక్ 2023 డిసెంబర్‌లోనే వీలు కల్పించింది, కాబట్టి మొత్తం పెద్దదన్న సాకు కూడా లేదు.

ఈ దారిలోనూ ఒక కన్నం ఉంది. అడ్వాన్సుగా కట్టిన డబ్బు చికిత్స మానేస్తే, లేదా తర్వాత ఇన్సూరెన్స్ మంజూరైతే, రోగి తరఫువాళ్లకు రిఫండ్‌గా వెళ్తుంది. అందుకే పెద్ద మొత్తమైతే అడ్వాన్సుకు కాకుండా ఇంటెరిమ్ బిల్లులో (చికిత్స మధ్యలో అప్పటివరకు అయిన ఖర్చుకు ఇచ్చే బిల్లు) మిగిలిన బకాయికి కట్టాలి. మిగిలితే కట్టినవారి ఖాతాకే తిరిగి పంపాలని రసీదు మీద రాయించుకోవాలి.

బిల్లు బయటి ఖర్చు సంగతి వేరు. అరకు నుంచి వచ్చిన తల్లికి ఆర్నెల్ల కీమో అంటే కేజీహెచ్ చుట్టుపక్కల గది అద్దె, ఇద్దరి తిండి, మూడు వారాలకోసారి ప్రయాణం, పోయిన కూలి. ఏ పథకమూ దీన్ని పూర్తిగా భరించదు, ఏ కౌంటరూ దీనికి రసీదు ఇవ్వదు. దీన్ని మోసంగా చూడకూడదు. ఇలాంటి వాటికి వాళ్లను స్వయంగా చూసిన మనిషి ఒకరు బాధ్యత తీసుకుని, గడువు పెట్టి వసూలు చేసి, వచ్చినదీ ఖర్చయినదీ అదే గ్రూపులో రాయాలి. గడువు లేని విజ్ఞప్తి రోగి కోలుకున్నాక కూడా, ఒక్కోసారి చనిపోయాక కూడా, తిరుగుతూనే ఉంటుంది. ఫార్వర్డ్ చేసేవాళ్లు "నేను చూశాను" అనో "నాకు తెలియదు, వచ్చింది పంపుతున్నాను" అనో ఒక్క ముక్క రాస్తే సగం మోసాలు అక్కడే బయటపడతాయి.

ఇప్పటికే డబ్బు పంపి మోసపోయినవారు ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్, పోస్టర్ అసలు ఫైలు దగ్గర ఉంచుకోవాలి. డబ్బు వేరే ఖాతాలకు మారకముందే బ్యాంకులు ఆపగలిగే వ్యవధి చాలా తక్కువ. భారతీయ న్యాయ సంహితలోని 318(4) కింద ఈ మోసానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది, ఫోర్జరీ పత్రాలుంటే ఆ సెక్షన్లూ తోడవుతాయి. వందో రెండొందలో పోయాయని ఊరుకుంటే, అలాంటి వందలమంది మౌనం మీదే ఆ ఖాతా నడుస్తుంది.

విశాఖ ఆస్పత్రులు తమ వంతుగా చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఐపీ నంబరుకు ముడిపెట్టిన క్యూఆర్ కోడ్‌తో, రోగి సమ్మతి తీసుకుని, ఒక పేజీ బకాయి లేఖ ఇవ్వాలి. అందులో బిల్లు మొత్తం, పథకం నుంచి వచ్చింది, ఇంకా కట్టాల్సింది విడివిడిగా ఉండాలి. తేదీ ఉండాలి, ఏడు రోజులు దాటితే ఆ లేఖ చెల్లదని దాని మీదే అచ్చు వేసి ఉండాలి.